పొగ కిందికి వంగిన రోజు

మా అమ్మ ఊపిరి పీల్చే చప్పుడు పక్క గదిలోకి వినిపించేది. పెళ్లై ఎల్లారెడ్డికి వచ్చిన దగ్గర్నుంచి బీడీలు చుట్టిన మనిషి. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన ఆకు, ఒక మూలకు తంబాకు. వేళ్లతో తంబాకు తీసినప్పుడల్లా సన్నటి దుమ్ము లేచేది. మామూలుగా అది కంటికి ఆనదు. తలుపు సందులోంచి ఎండ పడితే మాత్రం ఆమె ముఖం చుట్టూ గోధుమ రంగు మబ్బు ఆడుతున్నట్టు కనిపించేది.

నేను కూలర్లు, ఫ్యాన్లు బాగుచేస్తాను. బస్టాండు దగ్గర చిన్న షాపు. అమ్మ దమ్ముకు ఆ దుమ్మే కారణమని డాక్టరు చెప్పాక, గాలితో బతికేవాణ్ణి, గాలితోనే దాన్ని తరమలేనా అనిపించింది. మొదట టేబుల్ ఫ్యాన్ తెచ్చి పక్కన పెట్టాను. స్విచ్ వేయగానే తంబాకు గదంతా లేచింది.

"బంద్ చెయ్‌రా పిచ్చోడా! కండ్లల్ల కొడుతున్నది" అని అమ్మ కేకేసింది.

చిన్న ఫ్యాన్ పెట్టి చూశాను, అదీ అంతే. పై గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తే దుమ్ము పైకి పోయింది, కానీ ఆమె ముక్కు ముందు నుంచే పోయింది. మూతికి గుడ్డ కట్టుకోమంటే కట్టుకోలేదు. "అసలే దమ్మాడుతలేదు, మల్ల గుడ్డ గూడనా?" అంది. అసలు పనే మానెయ్యమన్నాం. "చేతులు ఖాళీగుంటే నాకు పిచ్చి లేస్తది బిడ్డా" అని చాట ముందుకు లాక్కుంది.

వానాకాలంలో ఆమెకు ఆయాసం ముదిరి కామారెడ్డి ఆస్పత్రిలో చేర్చాం. ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. తెలివి ఉన్నా లేకున్నా ఆమె బొటనవేలు, చూపుడువేలు దుప్పటి అంచును చుడుతూనే ఉండేవి. ఒక పొద్దున అవి ఆగిపోయాయి.

భివండిలో మగ్గాల పనికి పోయిన తమ్ముడు వచ్చేదాకా అమ్మను ఉంచాలని, ఫ్రీజర్ బాక్సు కిరాయికి తెచ్చి ముందు గదిలో పెట్టాం. పిట్లంలో ఉండే అక్క వచ్చి, అవ్వా, అవ్వా అని ఏడ్చి ఏడ్చి, బాక్సు పక్కన అగర్‌బత్తీలు వెలిగించింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఏమీ ఆలోచించడం లేదు. పొగ నిటారుగా లేచి పైన విచ్చుకుంటోంది. ఇంతలో బాక్సు మోటారు ఆన్ అయింది. పొగ ఒక్కసారి నడుము వంచినట్టు వంగి, కిందికి దిగి, బాక్సు అడుగున ఉన్న సన్న రంధ్రాల జాలీలోకి పోయింది. మోటారు ఆగింది, పొగ మళ్లీ పైకి లేచింది. మళ్లీ ఆన్ అయింది, మళ్లీ వంగింది. అగర్‌బత్తీ కింద రాలిన బూడిద మాత్రం కదల్లేదు.

నేను నేల మీదికి వంగి జాలీ దగ్గర చెయ్యి పెట్టాను. లోపలికి పోయే గాలి చేతికి తగిలీ తగలనట్టుంది. ఇన్నాళ్లూ నేను గాలిని కొట్టాను, ఎగ్జాస్ట్‌తో లాగినా పై నుంచే లాగాను. కొట్టిన గాలి దూరం పోతుంది, దారిలో ఉన్నవాటినన్నిటినీ లేపుతుంది. లాగే గాలి అలా కాదు, దాని బలం దగ్గరి వరకే. చాట అడుగునే జాలీ చేసి, కింది నుంచి మెల్లగా లాగితే, తంబాకు ఉన్నచోటే ఉంటుంది. దుమ్ము మాత్రం ముక్కు దాకా లేవకుండా కిందికి దిగుతుంది. ఇది తట్టగానే నా గుండె సంతోషంతో దడదడలాడింది. అమ్మ శవం పక్కన.

"ఏం జూస్తున్నవ్‌రా?" అంది అక్క.

"పొగ కిందికి పోతున్నది అక్కా."

అక్క నన్ను అట్లాగే చూసింది. "అవ్వ మొకం జూడు. ఇంకొంచెంసేపే ఉంటది" అంది.

చూశాను. అద్దం లోపల చెమ్మ పట్టి ముఖం సరిగ్గా కనిపించలేదు.

తమ్ముడు వచ్చి, కర్మలన్నీ అయ్యాక షాపులో కూర్చుని చాట చేశాను. అడుగున సన్నని జాలీ, దాని కింద నూలు గుడ్డ, ఆ కింద పాత కంప్యూటర్లోని ఫ్యాన్ తలకిందులుగా. అక్క కూడా బీడీలే చుడుతుంది, ఆమెకూ దగ్గు మొదలైంది కాబట్టి పిట్లం పట్టుకుపోయాను. మొదటిసారి గాలి ఎక్కువై ఆకు ఎండిపోయింది.

"ఆకు పాపడ్ లెక్క పలుగుతున్నది. గిట్లయితే ఒక్క బీడీ గూడ కాదు" అంది.

వేగం తగ్గించాను. తగ్గిస్తే గుడ్డ తొందరగా మూసుకుపోయింది, గుడ్డ మార్చాను. ఇలా ఎన్నోసార్లు పోయి వచ్చాక, ఒకరోజు కిటికీ ఎండలో అక్క చుడుతుంటే చూశాను. దుమ్ము లేస్తూనే చాటలోకి దిగిపోతోంది. ఆమె ముఖం ముందు ఎండ తేటగా ఉంది. అక్క కాసేపు చుట్టడం ఆపి దాన్నే చూసింది. "అవ్వకు ఉండాల్సింది" అంది.

మా వాడలోనూ కొందరికి చేసిచ్చాను. కరెంటు పోతే పనికిరాదని, చప్పుడు విసుగని చాలామంది మూలన పడేశారు. ఒకరిద్దరు వాడుతున్నారు.

అక్కకు దగ్గు తగ్గలేదు. కామారెడ్డిలో అమ్మను చూసిన డాక్టరుకే చూపించాను. ఛాతీ ఎక్స్‌రే తీసి, వెలుతురుకు పెట్టి, చాలాసేపు చూశాడు. నేను చాట సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మంచి పని చేశారు. కానీ పాడైన భాగం తిరిగి రాదు. ఇకమీదట పాడవకుండా చూడగలం, అంతే" అన్నాడు.

తిరుగు బస్సులో అక్క కిటికీకి తల ఆనించి కూర్చుంది. లింగంపేట దాటాక నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఇంకొక చాట చేస్తవా?"

"ఎవరికి?"

"నా బిడ్డకు. మొన్ననే కూసున్నది పనికి."

మేనకోడలు కాలేజీకి పోతోంది కదా అని అడగబోయాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. దగ్గు ఆగేదాకా ఆగి, "చేస్త" అన్నాను.