అమ్మ కరాటే నేర్చుకున్న సంగతి

మా నాన్నకు ఏడాదికో పిచ్చి పట్టేది. ఒకయేడు హోమియోపతి. ఇంట్ల ఎవరు తుమ్మినా వాళ్ల నాలుక మీద తియ్యటి గోలీలు పడేవి. ఇంకోయేడు పుట్టగొడుగుల పెంపకం. బాత్రూంల గడ్డి మూటలు వేలాడదీసి, మమ్మల్నందరిని పక్కింటోళ్ల బాత్రూంకు తోలిండు. పుట్టగొడుగులు మొలవలేదు గని, పక్కింటోళ్లతోటి మాకు మాటలు బందైనయి. ఆ తర్వాతి యేడు కరాటే పట్టింది. ఐతే ఈసారి పిచ్చి ఆయనది, ఒళ్లు నాది.

నేనప్పుడు ఆరో తరగతి. నాచారంల కంపెనీల వెనక మా కాలనీ. నాన్న ఉప్పల్ దిక్కు ఒక సర్కారు ల్యాబుల పనిచేసెటోడు. నేను బక్కపల్చటి పిల్లను. స్కూల్ల ప్రేయర్ నడుస్తుంటేనే కండ్లు తిరిగి పడేదాన్ని. ఆటల పీరియడ్ల ఎవరి చెయ్యి తగిలినా పడేదాన్ని. తగలకున్నా, తగుల్తదేమోనని ముందే పడేదాన్ని. పిల్లలకు కరాటే నేర్పిస్తే ఆకలి పుడ్తది, నిద్ర పడ్తది, ధైర్యమొస్తది, లెక్కలు గూడ వస్తయని నాన్నకు ఆఫీసుల ఎవరో చెప్పిన్రట.

"ఆడపిల్లకు కరాటే ఏందండి? చెయ్యో కాలో ఇరిగితే?" అన్నది అమ్మ.

అన్నదంటే, అన్నట్టు పెదవులు కదిలినయి. మా అమ్మ గొంతు గట్లనే ఉండేది. వంటింట్ల స్టవ్ చప్పుడే అమ్మ కంటె గట్టిగ వినపడేది. నాయనమ్మకేమో చెవులు జర మందం. అమ్మ ఏం చెప్పినా నాయనమ్మ "ఆఁ? ఏందీ?" అనేది. అమ్మ ఇంకోసారి చెప్పేది, ఇంకా మెల్లగ.

నాన్నకు వినపడ్డదో లేదో తెల్వదు. "నువ్వే తోలుకపో, నువ్వే తోలుకరా" అన్నడు. కరాటేల నాన్న వంతు అక్కడికి అయిపోయింది.

క్లాసు కాలనీ కమ్యూనిటీ హాల్ల. అక్కడ పెండ్లిళ్లు గూడ అయ్యేవి గనుక, మేము గుద్దులు గుద్దుతుంటే గోడ మీద ఎవరిదో పెండ్లి తాలూకు వెల్‌కమ్ బోర్డు ఇంకా వేలాడేది. మా సార్ పగలు నాచారంలనే ఒక కంపెనీల మిషన్ మీద పనిచేసెటోడు. మనిషి పొట్టి, మీసాలు పొడుగు. తెల్ల డ్రెస్సేసి నల్ల బెల్టు కడ్తే మాత్రం హాలంతా ఆయనే ఉన్నట్టుండేది. లెక్క జపాన్ భాషల పెట్టెటోడు, తిట్లు మన భాషల తిట్టెటోడు.

"ఇచ్! ని! సాన్! ఏయ్ పొల్లా, కాలు జర పైకి లేపు! షి! గో!"

మొదటిరోజు "గో" అనంగనే నేను సంబరంగ పోయి చెప్పులేసుకున్న.

"గో అంటే పొమ్మని కాదు, అయిదు!" అని సార్ నన్ను మల్ల వరసల నిలబెట్టిండు.

ముందుగాల మాకు పడుడు నేర్పిన్రు. తల నేలకు తగలకుంట, భుజం మీద దొర్లి లేసుడు. పడుట్ల నాకు మస్తు అనుభవం. లేసుడే కొత్త. ఐనా సార్ "సూడున్రి, ఈ పొల్ల ఎంత భయం లేకుంట పడ్తదో" అన్నడు. ఆ రోజు ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకొని తిన్న. నాన్న, తనే కరాటే కనిపెట్టినట్టు అందరి దిక్కు చూసిండు.

అమ్మ క్లాసుల ఒక మూలకు కూసొని చిక్కుడుకాయలు తుంచుకునేది. కొన్ని దినాలకు సార్ ఆమె ముందటికి వచ్చి నిలబడ్డడు.

"అక్కా, ఈడ చూసుడు లేదు. చేసుడో, బయటికి పోవుడో."

బయట వాన దంచుతున్నది. అమ్మ వాన దిక్కు చూసింది, సార్ మీసాల దిక్కు చూసింది, చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది. కుచ్చిళ్లు దోపుకొని చివరి వరసల, రిటైరైన రైల్వే గార్డు పక్కన నిలబడ్డది. పెద్దోళ్లల్ల అప్పటిదాంక ఆయనొక్కడే. బీపీ ఉంది, రోజు నడవమని డాక్టర్ చెప్తే, ఉత్తగ నడుసుడు బోరని కరాటేకు వచ్చిండు.

"కాలు పైకి!" అన్నడు సార్. అమ్మ లేపింది. చీర పర్రుమన్నది. సార్ గిర్రున గోడ దిక్కు తిరిగి, "రేపటి నుంచి పంజాబీ డ్రెస్సు ఏసుకొని రా అక్కా" అని గోడకు చెప్పిండు.

ఇగ అమ్మ రాదనుకున్న. కాని అమ్మ ఆ చినిగిన చీరనే కత్తిరించి, మిషన్ మీద పంజాబీ డ్రెస్సు కుట్టింది. పెండ్లయినంక అమ్మ చీర తప్ప ఇంకోటి ఏసుకోలేదు. నాయనమ్మ చూస్తే ఏమంటదోనని, డ్రెస్సు మీద చీర కట్టుకొని బయలెల్లేది. హాలు వెనక పెండ్లి వంటల గదిల చీర విప్పి, ఒక పెద్ద గంగాళంల దాచేది. అట్ల రెండేసి బట్టలతోటి లావుగ నడిచిపోతుంటే, దారిల ఒకామె ఆపి, సిగ్గుపడుకుంట అడిగింది, "ఏమన్న విశేషమా వదినా?" అని. అమ్మ నా చెయ్యి పట్టుకొని ఉరికింది.

కాలు, చెయ్యి అమ్మకు తొందరగనే వచ్చినయి. ఏండ్ల తరబడి బట్టలు పిండి, రుబ్బురోలు తిప్పిన చేతులు గద. రానిదల్ల అరుపు. గుద్దినప్పుడు కడుపులకెళ్లి "కియాయ్" అని అరవాలె. అరిస్తే భయం పోతది, ఊపిరి సక్కగైతది అనెటోడు సార్. మా పిల్లలకు అదే మస్తు ఇష్టం. రైల్వే గార్డు తాత అరిస్తే ప్లాట్‌ఫారం మీద ఉన్నట్టే ఉండేది. అమ్మది మాత్రం "కి" దగ్గర ఆగేది, తలుపు కిర్రుమన్నట్టు.

"అక్కా, దొంగ మీదికొస్తుండు. నువ్వు వానికి ముచ్చట చెప్తున్నవా?"

"పెండ్లయినకాంచి ఎన్నడు అరవలేదు సార్."

"పెండ్లికి ముందు?"

అమ్మ జర ఆలోచించి, "అప్పుడు గూడ లేదు" అన్నది.

"ఐతే ఇంట్ల ప్రాక్టీసు చెయ్యి" అన్నడు సార్.

ఒక ఆదివారం పొద్దున నాన్న కూరగాయలకని ఉప్పల్ పోయిండు. నాయనమ్మ దేవుని ముందర కూసున్నది. అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి నా చెవుల చెప్పింది. "కుక్కర్ కూత పెట్టినప్పుడు అందుట్లనే కలిపి అరుస్త. ఎవ్వరికీ తెల్వది." ఉపాయం మంచిగనే ఉంది. కుక్కర్ కూసింది. అమ్మ నోరు తెరిచింది, గాలి వచ్చింది. కుక్కర్ మల్ల కూసింది. మల్ల గాలే. అమ్మకు మొండితనమొచ్చింది. కాళ్లు ఎడంగ పెట్టి, మోకాళ్లు వంచి, పిడికిలి నడుంకు ఆనించి నిలబడ్డది. కుక్కర్ చప్పుడు చెయ్యలేదు. అమ్మే చేసింది.

"కియాయ్!"

గూట్ల గిన్నె కిందపడ్డది. పక్కింటాయన సగం గడ్డానికి సబ్బు నురగతోటి, చేతిల క్రికెట్ బ్యాటు పట్టుకొని ఉరికొచ్చిండు. ఆయన వెనక, పుట్టగొడుగుల కాంచి మాతోని మాట్లాడని వాళ్ల ఇంటామె. "ఏమైంది? దొంగనా? పామా?" అని ఆమే ముందు అడిగింది. మాటలు మల్ల గట్ల కలిసినయి.

నాయనమ్మ గోడ పట్టుకొని వంటింటి గడప దాంక వచ్చింది.

"ఎవరే అరిసింది?"

"నేనే అత్తమ్మా. కరాటే. పొల్లతో పాటు నేను గూడ నేర్చుకుంటున్న" అన్నది అమ్మ. గొంతు ఇంకా పైనుంచి దిగలేదు. వీధి అవతల గూడ వినపడి ఉంటది. అందరం నాయనమ్మ మొఖం చూసినం.

"ఇంత గొంతు పెట్టుకొని ఇన్నేండ్లు నాకు ఇనవడకుంట మాట్లాడినవానే?" అన్నది నాయనమ్మ. "నా చెవుడు ముదిరిందేమోనని దవాఖానల చుట్టు తిరుగుతుంటి గదనే! ఇగ గిట్లనే మాట్లాడు." పోవుకుంట పోవుకుంట మల్ల వెనక్కి తిరిగింది. "ఆ లోపలి డ్రెస్సేందో సక్కగ పైకే ఏసుకొని పో. రెండు బట్టలల్ల ఉడికి సస్తవ్. నా చెవులే పోయినయి, కండ్లు పోలే."

అమ్మ చీర అంచుతోటి మొఖం తుడుచుకున్నది. నవ్విందో ఏడ్చిందో నాకప్పుడు అర్థం కాలే. ఆ రోజు పచ్చడి మాత్రం గట్టిగ నూరింది.

ఆ తర్వాత సికింద్రాబాద్‌ల సుట్టాల పెండ్లికని ముగ్గురం ఉప్పల్ చౌరస్తాల బస్సు కోసం నిలబడ్డం. అక్కడ బస్సు ఎక్కుడంటే కుస్తీ పట్టుడే. మేము ఎప్పుడు గూడ వచ్చిన బస్సును మొదలు పోనిచ్చేది. "వెనక ఖాళీ బస్సు వస్తది" అనెటోడు నాన్న. ఆ ఖాళీ బస్సు నా చిన్నతనమంతా రాలేదు. ఆ రోజు బస్సు రాంగనే, ఎప్పటి తీర్ననే జనం మమ్మల్ని తోసిన్రు. అమ్మ కదల్లేదు. చూస్తే, పట్టు చీరల కుడికాలు ముందుకేసి, మోకాలు వంచి, సార్ నేర్పినట్టు నిలబడి ఉన్నది. తోసినోళ్లే చెల్లాచెదురైన్రు. ఆ సందుల నుంచి అమ్మ నిమ్మళంగ ముందు తలుపు దాంక పోయి, బస్సెక్కి, కిటికీ పక్కన సీట్ల కూసున్నది. బస్సు కదిలింది.

నేను, నాన్న కిందనే ఉన్నం.

నాన్న "ఏయ్! ఏయ్!" అనుకుంట బస్సు వెనక ఉరికిండు. ఆయన ఇస్త్రీ ప్యాంటు, చేతిల గిఫ్టు ప్యాకెట్టు, వెనక నేను. అమ్మ కిటికీలకెళ్లి మమ్మల్ని చూసి, లేసి నిలబడి, కడుపులకెళ్లి ఒక్క అరుపు అరిసింది. "ఆపూ!"

మా బస్సు ఆగింది. ఎదురుంగ వరంగల్ దిక్కు పోయే బస్సు గూడ ఆగింది. బండి మీద అరటిపండ్లు తూకమేసెటాయన చెయ్యి గాలిల ఆగింది. నాన్న బస్సెక్కి, రొప్పుకుంట, "గంత గట్టిగ అరవాల్నా?" అన్నడు. "మీరిద్దరు ఎక్కిన్రు గద" అన్నది అమ్మ. కండక్టర్ మాత్రం సికింద్రాబాద్ దాంక మా అమ్మను "మేడమ్, జర జరగండి" అనకుంట, పక్కనుంచి ఒదిగి ఒదిగి పోయిండు.

ఎండాకాలం సెలవులల్ల బెల్టు పరీక్ష. ఉప్పల్ల ఒక స్కూలు గ్రౌండు. మల్కాజిగిరి నుంచి పెద్ద సార్ వచ్చిండు. ఆయన నవ్వంగ ఎవరు చూడలేదని మా సారే చెప్పిండు. నాన్న, నాయనమ్మ షామియానా కింద ముందు కుర్చీలల్ల కూసున్నరు. ఆఖరుకు ఫైటు పెట్టాలె. పిల్లల లెక్క బేసిగ వచ్చింది, నేను మిగిలిన. పెద్ద సార్ అటిటు చూసి అమ్మను పిలిచిండు.

"మెల్లగ కొడ్త, భయపడకు" అన్నది అమ్మ నా దగ్గరికి వచ్చి.

"నేను మెల్లగ కొట్ట" అన్న నేను. మూడు పూటలు తిని బలిసి ఉన్న అప్పటికి.

ఫైటు మొదలైంది. నేను గుద్దిన ప్రతి గుద్దు అమ్మ ఈగను తోలినట్టు తోలింది. ఇంతల నా బెల్టు ముడి ఊడి ఒక కొస నేల మీద పడ్డది. అమ్మ చేతులు దించి, వంగి, నా బెల్టు కట్టుడు మొదలుపెట్టింది. మొదటి వరసల నిలబడ్డ మా సార్ నెత్తికి చెయ్యి పెట్టుకున్నడు. నేను ఆ సందుల ఆమె భుజం మీద ఒకటి గుద్దిన.

"పాయింట్!" అన్నడు పెద్ద సార్.

"అక్కా, ఇది ఫైటు! జడలేసుడు కాదు!" అని మా సార్ మొత్తుకున్నడు.

"బెల్టు కాళ్లకు తట్టుకొని పడ్తది గద సార్ పొల్ల" అన్నది అమ్మ, ముడి బిగించుకుంట.

షామియానా కిందికెళ్లి నాయనమ్మ లేసింది. "అయ్యా, అది లెక్కకు రాదు! కోడలు చూడంగ కొట్టలేదు!" పక్కన నాన్న ఆమె కొంగు పట్టి గుంజుతున్నడు. పెద్ద సార్ మొఖం అటు తిప్పుకున్నడు. భుజాలు మాత్రం ఊగినయి. మొఖం ఇటు తిప్పినంక, అమ్మకు ఇంకో అవకాశమిస్త, ఈసారి రైల్వే గార్డుతోని అన్నడు. ఆయన బెల్టు ఎవరు కట్టనక్కర లేదు గనుక అమ్మ పూర్తిగ ఫైటు మీద మనసు పెట్టింది. కొంచెం సేపటికి తాత నేల మీద కూసొని, చెయ్యి ఊపి, నీళ్లు అడిగిండు. నాకు, అమ్మకు, తాతకు ముగ్గురికి పసుపు బెల్టు వచ్చింది.

నేను పదో తరగతిల చదువు పేరు చెప్పి మానేసిన. అమ్మ మానలేదు. మోకాళ్ల నొప్పులు తగ్గినయి, రాత్రి పడుకుంటే నిద్ర పడ్తున్నదని పక్కింటామెకు చెప్పేది. నేను చూసింది మాత్రం వేరే. ఒకనాడు లాలాపేట నుంచి బస్సుల ఇంటికొస్తుంటే, కిటికీలకెళ్లి ఎవరో పొడుగు మనిషి సంచి పట్టుకొని తల ఎత్తి నడిచిపోతున్నది కనపడ్డది. ఎంత మంచిగ నడుస్తుందనుకున్న. బస్సు దాటినంక తెలిసింది, అమ్మ అని. అమ్మ పొడుగు మనిషని నాకు అప్పటిదాంక తెల్వదు.

సార్‌కు కంపెనీల పొద్దటి షిఫ్టు పడ్డప్పుడు, పొద్దటి బ్యాచ్ అమ్మకు అప్పజెప్పిండు. ఆడవాళ్లు, పిల్లలు, కొందరు బొజ్జల మగవాళ్లు. ఆ చలికాలంల నాన్నకు డాక్టర్ షుగర్ ఉందని చెప్పిండు. నాన్న హోమియోపతి డబ్బా దిక్కు చూసిండు. అమ్మ నాన్న దిక్కు చూసింది. తెల్లారి నాన్న మడతలు పోని తెల్ల డ్రెస్సేసుకొని, హాల్ల చివరి వరసల, నాకంటె చిన్న పిల్లల వెనక నిలబడ్డడు. నేను తమాషా చూద్దామని పోయిన.

"ఇచ్!" అన్నది అమ్మ.

నాన్న కాలు లేపిండు. మోకాలి దాంక గూడ రాలేదు.

"ఏమండి, ఇంకా జర పైకి."

"ఇంతే వస్తది" అని గొణిగిండు నాన్న, నోట్లనే.

"ఆఁ? వినపడ్తలేదు. జర గట్టిగ చెప్పండి" అన్నది అమ్మ. పిల్లలందరు వెనక్కి తిరిగి చూసిన్రు. నాన్న చెవులు ఎర్రగైనయి. పక్కన ఉన్న గోడ పట్టుకొని, పండ్లు బిగబట్టి, కాలు ఇంకొంచెం పైకి లేపిండు.