వేంపైర్‌కి అన్నం పెట్టాను

మొన్న ఆదివారం మా ఇంట్లో ఒక కుర్రాడు ప్రాణం వదిలాడు. చంపింది నేనే. అన్నం పెట్టి చంపాను.

కంగారు పడకండి. కంప్యూటర్‌లో కుర్రాడు.

మా అమ్మాయి పావనికి విశాఖలో ఉద్యోగం. సెలవు పెట్టానని మా ఊరు గరివిడి వచ్చింది. వచ్చి చాలా రోజులైంది. వెళ్లదు. సరిగ్గా తినదు. ఏమైందంటే చెప్పదు. "ఆకలి లేదమ్మా." ఆ ఒక్క మాటే. పొద్దస్తమానం లాప్‌టాప్ ముందే.

ఆ మధ్యాహ్నం వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ వంకనైనా నోరు విప్పుతుందేమోనని.

"ఏటే అది?"

"గేమమ్మా. ఎవరో ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకున్న చిన్న గేమ్. కాల్చుకోడాలు, పరుగులు ఉండవు. కథే. ఇతను ఏటి మాట్లాడాలో మనం నొక్కాలి."

"ఎవుడీడు? మనిషి పాలిపోయున్నాడు."

"వేంపైర్. రక్తం తాగి బతుకుతాడు. ఇంట్లో తెలీదు. అద్దె గదిలో ఉంటాడు. రాత్రి డ్యూటీ. పగలు కర్టెన్లేసుకుని పడుకుంటాడు."

"మీ నాన్నా అంతే కదే!"

ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసొచ్చి ఆయన లోపల గదిలో గురక పెడుతున్నారు. పావని నవ్వింది. ఎన్నాళ్లకో! అంతలో ఫోన్ మోగింది. "ముట్టుకోకమ్మా" అంటూ వాకిట్లోకి వెళ్లింది.

తెర మీద ఆ కుర్రాడి ఎదురుగా అతని తల్లి. ఊరి నుంచి చూడ్డానికొచ్చినట్టుంది. నెరిసిన జుట్టు. చేతిలో పొగలొస్తున్న కంచం. కింద మూడు జవాబులు. నాకొచ్చిన ఇంగ్లీషుకి ఆ మాత్రం అర్థమైంది. తింటాను. ఆకలి లేదమ్మా. నీకో మాట చెప్పాలి.

రెండోది చూసేసరికి నాకు ఒళ్లు మండింది. ఇక్కడా ఇదేనా! వండి తెచ్చిన తల్లికి ఇదా జవాబు?

మొదటిది నొక్కేశాను.

తిన్నాడు. రెండు ముద్దలు. తర్వాత నల్లగా కక్కుకుని తల్లి ఒళ్లోకే ఒరిగిపోయాడు. ఆవిడ ఏమైందని అడుగుతూనే ఉంది. తెర చీకటైపోయింది.

"ఓలమ్మో!"

నా కేకకి మావారు లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చారు. "ఎవుడు పోయాడే?"

పావని పరిగెత్తుకొచ్చింది. "అమ్మా! ఏటి నొక్కీసావు? అన్నం ఆడికి విషం! ఇందులో వెనక్కెళ్లడం ఉండదు!"

"మరి నువ్వైతే ఏటి నొక్కుదువు?"

"మూడోది." గొంతు తగ్గింది. "పొద్దుట్నించీ అక్కడే ఆగిపోయానమ్మా. నొక్కలేక."

లాప్‌టాప్ మూసేసింది.

సాయంత్రం అన్నంలో నెత్తళ్ల చేపల పులుసు కలిపి కంచం తీసుకెళ్లాను.

"ఆకలి లేదమ్మా."

ఈసారి తినమనలేదు. కంచం పక్కన పెట్టి కూర్చున్నాను.

"మూడోది నొక్కే."

నా వైపు తిరిగింది.

"సెలవు కాదమ్మా. ఉద్యోగం మానీసాను. అక్కడ నావల్ల కాలేదు. సెప్తే మీరేటయిపోతారోనని..."

ఆ ఆటలో తల్లికి దక్కని మాట నాకు దక్కింది. ఎంత మంచి జవాబు చెప్పాలి! ఎంతో వెతికాను. నోటికి వచ్చింది ఒక్కటే.

"ముందు అన్నం తిను."

"ఆడ్ని సంపీసింది ఇలాగే కదమ్మా" అంటూ కంచం దగ్గరికి లాక్కుంది.