లోపలి గడియ

ఆ బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి అంత శుభ్రమైనది చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. తెల్ల టైల్స్ మీద మరక కనిపించదు, వాసన అసలే రాదు. దాన్ని ఎవరూ వాడకపోవడమే కారణం. హెడ్‌మాస్టర్ రాజేశ్వర్ తలుపుకు తాళం వేసి, తాళంచెవిని తన గదిలో మేకుకు తగిలించాడు. అవసరమైన పిల్ల ఆయన గదిలోకి వెళ్లి, కూర్చున్న మగ టీచర్లందరి ముందు నిలబడి అడగాలి. పద్నాలుగేళ్ల పిల్ల ఎలా అడుగుతుంది? అడగలేదు.

బోధన్ రోడ్డు మీద చెరకు తోటల నడుమ ఉన్న ఆ హైస్కూల్లో పుష్పలత సైన్స్ టీచరు. వేల్పూర్ దగ్గర పసుపు పండించే ఇంట్లో పుట్టింది. పేడ ఎత్తిన చేతులు కాబట్టి మట్టి అన్నా మురికి అన్నా ఆమెకు ఏమీ అనిపించదు. అధికారి వస్తున్నాడని గేటు దగ్గర చల్లే బ్లీచింగ్ పొడి వాసన తగిలితే మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

చెరకు నిలువెత్తు ఉన్నంతకాలం ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా బడి వెనక తోటలోకి వెళ్లేవారు. చేతుల మీద చెరకాకు కోసిన గీతలు ఉండేవి. చలికాలంలో చెరకు కొట్టేశాక చాటు పోయేది. అప్పటి నుంచి పొద్దున ఇంట్లో తాగిన గుక్కెడు నీళ్లతోనే సాయంత్రం దాకా గడిపేవారు. మధ్యాహ్న భోజనంలో చారు కూడా పోయించుకునేవారు కాదు. ఈ సంగతి టీచర్లందరికీ తెలుసు. వాళ్లకు వేరే మరుగుదొడ్డి ఉంది కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

ఆ ఏడాది చలికాలంలో నిజామాబాద్‌లో టీచర్లకు శిక్షణ పెట్టారు. విలువల విద్య, బడి వాతావరణం దాని అంశాలు. బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చిన ఒక టీచరమ్మను శిక్షకుడు మైకులోనే కడిగేశాడు. ఆ వెంటనే తెర మీద ‘గౌరవం’ అన్న మాట వేసి గంటసేపు దాని గురించి చెప్పాడు. భోజనాల వేళ అధికారులకు వేరే గది, మటన్ కూర. టీచర్లకు వరసలో నిలబడితే పప్పు. తిన్నాక సమానత్వం మీద పాఠం.

చివర్లో ప్రతి బడీ ‘మనసు విప్పే వృత్తం’ జరిపి వీడియో పంపాలన్నారు. పిల్లలు గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరే తమ బాధ చెప్పుకోవాలి. అందరూ చెప్పేదాకా ఎవరూ లేవకూడదు.

రాజేశ్వర్ ఎవరికి ఏ బాధ ఉండాలో ముందే పంచిపెట్టాడు. ఒకడికి సెల్‌ఫోన్ పిచ్చి, ఇంకొకరికి లెక్కల భయం. తొమ్మిదో తరగతి అంకితకు వచ్చిన బాధ, పొద్దున్నే లేవలేకపోవడం. పుష్పలత ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు పోయిన ప్రతిసారీ మాటలు వినబడక మళ్లీ మొదటి నుంచి తీయాల్సి వచ్చింది. అంకిత చిటికెనవేలు ఎత్తి చూపడం పుష్పలతకు ఫోన్ తెర మీద కనిపించింది.

“సార్, ఆ పిల్ల బయటికి పోతదట.”

“ఆగు బిడ్డా, గిదొక్కటి అయిపోనియ్,” అన్నాడు రాజేశ్వర్.

ఇంకో ట్రాక్టర్ వచ్చింది. మళ్లీ మొదలుపెట్టారు. అంకిత వంతు వచ్చేసరికి ఆ పిల్ల లేచి నిలబడలేదు, తల వంచుకుంది. కింద గచ్చు తడిసింది. మగపిల్లలు ముందు అర్థంకాక చూశారు, తర్వాత నవ్వారు. పుష్పలత ఫోన్ పక్కన పడేసి, అతిథుల కోసం తెచ్చి పెట్టిన శాలువా తీసి అంకిత నడుముకు చుట్టింది.

“గా ముక్క కట్ జేయుండ్రి మేడం,” అన్నాడు రాజేశ్వర్. “మిగిలింది మంచిగొచ్చింది.”

మరుసటి రోజు నుంచి అంకిత బడికి రాలేదు. వారం చూసి పుష్పలత వాళ్ల ఇంటికి వెళ్లింది. అరుగు మీద అంకిత నాయనమ్మ సాయవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కనే ఇంకో చాట. దాని ముందు అంకిత.

“సాయవ్వా, పిల్లను బడికి తోలియ్యరాదు?”

“తోలిచ్చి ఏం జెయ్యాలె? మళ్ల నవ్విచ్చుకోని రావాల్నా?” ముసలామె చేతులు ఆగలేదు. “గా బడిల పాయిఖాన లేదా టీచరమ్మా?”

“ఉన్నది.”

“మరి నువ్వేడికి పోతవ్?”

“మాకు వేరే ఉన్నది.”

“గదే మరి. మీది మీకున్నది, ఆడపిల్లలది మేకుకున్నది.” బీడీకి దారం చుట్టి తెంపింది. “తలుపు తియ్యుండ్రి, రేపే తోలిస్త. లేకుంటే మా పిల్ల బీడీలు జేసుకుంట బతుకుతది. మేం బతుకలేదా?”

అంకిత తల ఎత్తలేదు. ఆకు కత్తిరించడం అప్పుడే చేతికి వచ్చేసింది.

పుష్పలత నేరుగా హెడ్‌మాస్టర్ గదికి వెళ్లింది. “సార్, గా తాళం తీసెయ్యుండ్రి.”

“తీస్తే ఖరాబ్ జేస్తరు మేడం. సోమవారం తనిఖీ టీమ్ వస్తున్నది. శుభ్రతకు మార్కులున్నయ్.”

“ఎవరూ పోని పాయిఖానకు శుభ్రతేంది సార్?”

“మీరు సైన్స్ చెప్పుకోండ్రి. వాతావరణం నేను చూసుకుంట.”

“ఛీ,” అంది పుష్పలత. మనసులో అనుకోవాల్సింది పైకే అనేసింది.

ఆదివారం బోధన్ నుంచి వెల్డింగ్ పని చేసే భూమేష్‌ను పిలిపించింది. అతను తలుపు చూసి తల గోక్కున్నాడు. “తాళం పలగ్గొడ్త అక్కా. గొళ్లెం మొత్తం ఎందుకు కోసుడు?”

“గొళ్లెముంటే ఇంకో తాళమేస్తరు. ఏసేటందుకు జాగనే ఉండొద్దు. లోపటి దిక్కు గడియ పెట్టు.”

“సర్కారుది. నా మీదికొస్తది.”

“నా పేరు జెప్పు.”

బయటి గొళ్లెం ఊడి పడింది. లోపల కొత్త గడియ బిగిసింది. సోమవారం పొద్దున్నే ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేసిందని రాజేశ్వర్ ఆమెకు మెమో ఇచ్చాడు. మళ్లీ గొళ్లెం బిగించడానికి మనిషిని పంపేలోపే టీమ్ కారు గేట్లోకి వచ్చేసింది. అందులోని ఆడ అధికారి నిజామాబాద్ నుంచి గతుకుల్లో వచ్చింది. దిగీదిగగానే, ఎదురుగా కనిపించిన ఆ మరుగుదొడ్డి తలుపు తోసుకుని లోపలికి పోయింది. బయటికి వచ్చి అడిగింది. “ఆడపిల్లలే లోపల గడియ పెట్టుకునేలా చేశారు. ఎవరి ఆలోచన?”

“మాదే మేడం,” అన్నాడు రాజేశ్వర్.

తలుపు తెరుచుకుందని విని అంకిత మర్నాడే వచ్చింది. మొదట కొన్నాళ్లు బడిలో ఒక్క చుక్క నీళ్లు తాగలేదు. ఒకరోజు సైన్స్ పీరియడ్‌లో సీసా ఎత్తి గటగటా తాగి, చెయ్యెత్తకుండానే లేచి వెళ్లి వచ్చింది. పుష్పలత చూసీ చూడనట్టు బోర్డు వైపు తిరిగింది.

ఎండాకాలానికి ముందు నిజామాబాద్‌లో మళ్లీ శిక్షణ జరిగింది. ఈసారి వేదిక మీద మాట్లాడుతున్నది రాజేశ్వర్. తెర మీద తలుపు ఫోటో. కొత్త గడియ మెరుస్తోంది. “ఆడపిల్లల గౌరవం కోసం మా బడిలో నేను చేసిన చిన్న మార్పు,” అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. పుష్పలత మీద మెమో ఇంకా అలాగే ఉంది.

పక్క కుర్చీలో ఉన్న సుమన అదే బడిలో తెలుగు టీచరు. మోచేత్తో పొడిచింది. “గది నువ్వు జేపిచ్చిందే గదా అక్కా! లేసి చెప్పరాదు?”

“చెప్తే ఏమైతది? ఇంత మందిల ఆయన పరువు పోతది. పొద్దుగాల బడికి పోంగనే గొళ్లెం పెట్టిస్తడు.”

“గట్లని ఊకుంటవా?”

“ఆయన పేరు మీదున్నన్ని రోజులు గా తలుపు ఆయనే కాపాడుతడు. కొట్టు సుమనా, గట్టిగ కొట్టు.”

పుష్పలత తానూ చప్పట్లు కొట్టింది. కొడుతుంటే నోట్లో చేదు ఊరింది. లేచి వరండాలోకి వెళ్లి ఉమ్మేసి వచ్చింది. రాజేశ్వర్ అప్పుడే తర్వాతి ఫోటో వేశాడు. అందులో అంకిత సీసా ఎత్తి నీళ్లు తాగుతోంది. మళ్లీ చప్పట్లు. ఆమె కూడా కొట్టింది.