స్టీరింగ్ కింద నల్ల టేపు ముద్ద

మొన్న మాదాపూర్‌లో ఒక ఆఫీసు ముందు, నా ఇంటికంటే ఖరీదైన కారు పక్కన నిలబడి ఒక కుర్రాడు తాళంచెవిని అద్దానికి ఆనించి, తలుపుకు ఆనించి, చివరికి కళ్లకు కూడా అద్దుకుని బతిమాలుకుంటున్నాడు. తాళంచెవిలోని చిప్పును బండి గుర్తుపట్టడం మానేసిందట, కంపెనీవాళ్లు వచ్చి సర్దిచెబితే తప్ప కదలదట. కొన్నవాణ్నే దొంగను చూసినట్టు చూసే ఈ బండ్లంటే నాకున్న రోత ఇవాళ్టిది కాదు. అది మొదలైన రోజున నేను మోచేతుల దాకా మురుగు మోరీలో ఉన్నాను.

బడికి నేను, నాకు బడి నచ్చక తొందరగానే విడిపోయాం గనుక, మాదాపూర్‌లో టవర్లు లేస్తున్న కాలానికి నేను హఫీజ్‌పేట్‌లో మా మేనమామ షెడ్డులో పనివాణ్ని. ఒక బండి ఇంజను తీసి మరో బండికి ఎక్కించడం మామ పని, అలాంటి బండితోనే గోపన్‌పల్లి అవతలి మట్టి మైదానంలో పందేలకు దిగడం ఆయన పిచ్చి. చిప్పు తాళాలు వచ్చాక ఆ పని కాస్తా వియ్యాలవారి అలకలు తీర్చడంలా తయారైంది. ఇంజనుతో పాటు దాని కంప్యూటరు పెట్టె కూడా వస్తుంది, ఆ పెట్టెకు పుట్టింటి తాళంచెవి దగ్గర్లో కనబడకపోతే ఇంజనును నడవనివ్వదు. అందుకని మామ ఆ పాత తాళంచెవికి చిప్పు ఉండే తలకాయను కోసి, నల్ల టేపు బిగించి చుట్టి, ఎర్ర దారంతో స్టీరింగ్ కింద కట్టేసేవాడు. అదీ తన పందెం బండికి మాత్రమే. రోడ్డు మీద తిరిగే బండికి చేయమని ఎవరైనా వస్తే, దొంగలకు టిఫిను పెట్టే హోటలు కాదిది అని పంపేసేవాడు.

ఈ పిచ్చి మా అత్తమ్మకు గిట్టేది కాదు. షెడ్డు స్థలం కోసం అపార్ట్‌మెంటువాళ్లు తిరుగుతున్నారు. వచ్చే పందెంలో కూడా బండి మొరాయిస్తే స్థలం అమ్మేయాల్సిందేనని ఆమె, సరేనని మామ ఒప్పందానికి వచ్చారు. నా అన్నం ఆ షెడ్డులోనే ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

పందెం ఆయుధపూజ నాడే పడింది. బండి మీద కోపం వేరు, పండగ వేరు కనుక అత్తమ్మే పొద్దున్నే పట్టుచీరలో బండి కడగబోయి, స్టీరింగ్ కింద ఎర్ర దారం కట్టిన నల్లటి ముద్దను చూసింది.

"ఎవడ్రా మన బండికి చేతబడి చేసిండు?"

కొడవలితో దాన్ని కోసి, ఎడమచేత్తో తీసుకెళ్లి వీధి మోరీలో విసిరి, కాళ్లు కడుక్కుని, బండికి దిష్టి కూడా తీసింది. తర్వాత మామ తాళం తిప్పితే బండి ఒక్కసారి దగ్గి ఊరుకుంది. సంగతి తెలిశాక ఆయన అరిచి ఉంటే బాగుండేది.

"అమ్ముకో ఇగ," అని గుమ్మడికాయ పక్కన కూలబడ్డాడు.

నేను మోరీలో చెయ్యి పెట్టాను. కోడి ఈకలు, కుళ్లిన చిక్కుళ్లు, జుట్టు ఉండలు, వేలికి చుట్టుకుని వదలని ఏదో జిగురు. వీధి వీధంతా ఏం తింటుందో ఏం పారేస్తుందో ఆ పూట నాకు వద్దన్నా తెలిసింది. నోరు మూసుకుని ఉంటే చాలు, అత్తమ్మ గెలిచేది. ఆమె మాత్రం పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి నా పక్కన గొంతుక్కూర్చుంది.

"జర జరుగు. యాడ ఏసిన్నో నాకెరుక."

బంగారు గాజులు మునిగేదాకా చెయ్యి పెట్టి తీసింది. మామ టేపు గట్టిది, లోపలికి చుక్క దిగలేదు. బండి లేచింది. పందెంలో అందరికంటే వెనకే వచ్చింది కానీ ఎక్కడా ఆగలేదు. ముక్కుకు రుమాలు కట్టుకుని నడిపిన మామను చూసి జనం అదేదో కొత్త స్టైలనుకున్నారు. మామ బతికుండగా అత్తమ్మ అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.

ఆయన పోయాక షెడ్డూ పోయింది. అక్కడే లేచిన అపార్ట్‌మెంటులో ఆమెకో ఫ్లాటు వచ్చింది. నేను వెళితే, ఆమె ఫోనులో ఒప్పుకున్నట్టు బొత్తాం నొక్కేదాకా గేటు తెరవరు. ఆమెకు ఆ నొక్కుడు రాదు. మోకాళ్ల నొప్పులతో కిందికి దిగివచ్చి, ఆనాడు మోరీలో పెట్టిన ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని, వాచ్‌మన్‌తో "మావోడే" అంటుంది.

ఆ మాట చాలదట. నన్ను గోడకు నిలబెట్టి ఫొటో తీసుకుంటారు, థూ.