ఆకు వక్క దాచిన బుగ్గ

మొన్న గుడివాడ బస్టాండు బయట ఎండకు కళ్ళు చికిలించుకుని నిలబడి ఉంటే, ఒక ఆటో వచ్చి నా ముందే ఆగింది. దాని వెనక అద్దం మీద ఎర్ర కోడిపుంజు స్టిక్కరు. పుంజు మామూలు పుంజే గాని, తోకలో ఒక ఈక దగ్గర చిన్న సొట్ట ఉంది. ఆ సొట్ట నాది. చాలా ఏళ్ళ క్రితం బందరులో కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఈక గీస్తుండగా తుమ్ము వచ్చి చెయ్యి కదిలింది, తర్వాత దిద్దుదామనుకుని మరిచిపోయాను. ఆ బొమ్మను ఎవరో చూసి ఎత్తుకున్నారు, వాళ్ళ దగ్గర ఇంకెవరో ఎత్తుకున్నారు, ఇన్నేళ్ళుగా నా తుమ్మును ఊరూరా తిప్పుతున్నారు. ఆటో వెళ్ళిపోయింది గాని, నేను మాత్రం అక్కడే నిలబడి మనసులో నెమ్మదిగా బందరు చేరుకున్నాను.

ఒకప్పుడు కృష్ణా జిల్లా ఆటోల మీద తిరిగిన పుంజులూ హంసలూ గులాబీలూ సగానికి సగం నా చేతివేనని మా ఇంట్లో చెబుతుంటాను. సగం అన్నది కొంచెం సాగదీసిన మాటేననుకోండి. ఏవో కొన్ని. అందులోనూ నా హంసను బాతనుకుని ముచ్చటపడి కొన్నవాళ్ళు ఉన్నారు.

అంతకుముందు నేను బోర్డులు రాసేవాణ్ణి. చల్లపల్లి నుంచి ఉయ్యూరు దాకా ఎరువుల కొట్లకూ బట్టల కొట్లకూ నా అక్షరాలే ఉండేవి. కంప్యూటర్లు వచ్చి కుంచెకు పని తగ్గాక, బందరులో ఒక స్టిక్కర్ల షాపులో చేరాను. షాపు యజమాని సాయిబు గారు, నేను మావయ్యా అని పిలిచేవాణ్ణి. కంప్యూటరును చూసి బెదురుతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని మౌసు మీద పెట్టి, "కుంచెకీ తోక ఉంది, దీనికీ తోక ఉంది, ఇంకా భయమేంటి అల్లుడూ" అన్నారు. వారం రోజుల్లో పని నేర్చేసుకున్నానని అందరికీ చెబుతాను. ఆ వారంలో సగం రోజులు తోకను నా వైపు పెట్టుకుని, బాణం ఎటు తోస్తే ఎటు పోతుందో తెలియక తిట్టుకున్నానని మాత్రం చెప్పను.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గాని, మన ఈడు వాళ్ళకు అర్థమవుతుంది, ఆ పనిలో ఒక మత్తు ఉండేది. ఫొటోను తెర మీద అడుగున మసకగా పరుచుకుని, దాని అంచు మీద ఒక చుక్క పెట్టి, ఇంకొంచెం దూరం వెళ్ళి ఇంకో చుక్క పెట్టి, నొక్కిన వేలు వదలకుండా లాగితే ఆ చుక్కకు రెండు వైపులా మీసాల్లాంటి పుల్లలు మొలిచేవి. మీసం తిప్పితే గీత వంగుతుంది, మీసం సాగదీస్తే వంపు పెద్దదవుతుంది. చుక్కలు ఎక్కువైతే గీత గతుకుల రోడ్డులా తయారవుతుంది, తక్కువ చుక్కలతో పెద్ద వంపు తీయడంలోనే ఉంది పనితనమంతా. ఆదివారాలు అవనిగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, కాలవ గట్లూ, వరి చేల అంచులూ, నీళ్ళ మీద వాలబోయే కొంగ మెడా అన్నీ నాకు గీతలుగానే కనబడేవి. ఈ మలుపుకు ఒక్క చుక్క చాలు, ఆ మెడకు రెండు కావాలి అనుకుంటూ జోగుతూ, దిగాల్సిన చోటు దాటిపోయిన రోజులున్నాయి.

ఈ చుక్కల వల్లనే ఇంట్లో పెద్ద గొడవ కూడా అయింది. ఒక సాయంత్రం ఆలస్యమవుతుందని ఇంటికి ఫోను చేస్తే మా అత్తగారు ఎత్తారు. ఇంకో నాలుగు చుక్కలు వేసుకుని వచ్చేస్తానండీ అన్నాను. ఆవిడ ఇంకేమీ వినలేదు. నేను ఇంటికి చేరేసరికి గుమ్మంలో నిలబడి, "నోరు తెరవండి బాబూ, వాసన చూస్తాను" అన్నారు.

ఆ రోజుల్లోనే మా ఆవిడతో పాటు బడిలో పాఠాలు చెప్పే ఒకావిడ షాపుకు వచ్చింది. మా ఆవిడ అక్కయ్యా అనేది కనుక నాకూ అక్కయ్యే. వాళ్ళది దివిసీమ, నాగాయలంక వైపు. వాళ్ళ అమ్మ పోయి చాలా ఏళ్ళయింది, ఇన్నాళ్ళూ మట్టి సమాధే ఉంది. ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధుల దగ్గరకు వచ్చేలోగా, అమ్మ ముఖం చెక్కిన నల్లరాయి అక్కడ నిలబెట్టాలని ఆవిడ కోరిక. రాయి చెక్కే మేస్త్రికి ఫొటో పనికిరాదు. మేం గీతలుగా గీసి స్టిక్కరు కోసి ఇస్తే, దాన్ని రాయికి అంటించి ఆ గీత వెంట చెక్కుతాడు.

అక్కయ్య సంచిలోంచి తీసిన ఫొటో ఎవరి పెళ్ళిలోనో తీసిన గుంపు ఫొటో. అందులో వాళ్ళ అమ్మ ముఖం బొటనవేలి గోరంత ఉంది. ఉప్పెనలో పెట్టెలోకి నీళ్ళు చేరి, ఆ గోరంతలోనూ ఎడమ సగం తెల్లగా తినేశాయి. ఇదొక్కటే ఉందా అని అడిగాను. ఇదొక్కటే, కెమెరా కనబడితే అమ్మ కొంగు అడ్డం పెట్టుకునేది అంది. ఫొటో వంక చూడకుండా, "ఈ మధ్య కళ్ళు మూసుకుంటే అమ్మ ముఖం రావట్లేదు తమ్ముడూ. గొంతు వస్తోంది, ముఖం రావట్లేదు" అంది.

నేను గొప్ప ధైర్యం చెప్పాను. ఇలాంటివి రోజూ చేస్తుంటాం అన్నాను. అప్పటికి నేను గీసిన మనుషుల ముఖాలు రెండే, ఒకటి అగ్గిపెట్టె మీద బొమ్మ చూసి గీసింది.

ఉన్న సగం జాగ్రత్తగా గీసి, దాన్ని అద్దంలోలాగా తిప్పి రెండో పక్క అతికించేశాను. కంప్యూటరులో అది ఒక్క మీట పని. మావయ్య భుజం తట్టారు. నాకూ గర్వంగానే ఉంది. మర్నాడు అక్కయ్య వాళ్ళ అన్నగారిని కూడా తీసుకొచ్చింది. తెర ముందు కూర్చుని చాలాసేపు చూసి, "బాగుంది తమ్ముడూ" అని, "ఎవరావిడ?" అని అడిగింది.

అప్పుడు నేనూ సరిగ్గా చూశాను. రెండు బుగ్గలూ ఉబ్బించి, తడి కట్టెల పొయ్యి ఊదుతున్నట్టుంది ఆ తల్లి. ఎందుకిలా వచ్చిందని నేను తల గోక్కుంటుంటే అన్నగారు ఇబ్బందిగా నవ్వి, వాళ్ళ అమ్మకు ఎప్పుడూ కుడి బుగ్గలో ఆకు వక్క ఉండేదని చెప్పారు. ఫొటోకు నిలబడ్డప్పుడు కూడా ఊయలేదు. నేనేమో ఆ ఆకు వక్కను రెండో బుగ్గలోనూ కుక్కేశాను.

"రెండూ తీసెయ్యండి. సమాధి రాయి మీద ఆకు వక్క ఏంటండీ, పాస్టరు గారు చూస్తారు" అన్నారాయన. తీసేశాను. రెండు మీసాలు లోపలికి తోస్తే బుగ్గలు నున్నగా దిగిపోయాయి. క్యాలెండరు మీద అచ్చు వేయదగిన ముఖం వచ్చింది. అన్నగారు తృప్తిగా తల ఊపారు గాని, అక్కయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈవిడ కూడా ఎవరో నాకు తెలీదన్నయ్యా" అంది.

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కలలోలాగే గుర్తుంది. ఫ్యాను కిర్రుమంటోంది, బయట ఎండకు వీధి తెల్లగా కరిగిపోతోంది. అక్కయ్య నా పక్కకు కుర్చీ జరుపుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ చెయ్యి తన ముఖం మీదే నెమ్మదిగా తిరుగుతోంది, నేను ఆ చేతిని చూస్తూ చుక్కలు కదుపుతున్నాను. ఇక్కడ ఇంకొంచెం పొంగాలి, పెదవి ఈ పక్కకు లాగినట్టుండాలి, ఆ కన్ను దీనికంటే కాస్త చిన్నది, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉండేది, అంటోంది. కుడి బుగ్గ తిరిగి నిండింది, ఎడమ బుగ్గ లోపలికి పోయింది. చివరకు మూతి చివరున్న చుక్కను వెంట్రుకవాసి పైకి జరిపాను. అక్కయ్య కళ్ళు తెరిచి, "అమ్మా" అంది. నాతో కాదు.

అన్నగారు తెర మీదకు వంగి ఆ బుగ్గను చూశారు. "ఇట్టాగే కొయ్యండి. పాస్టరు గారికి నేను చెప్పుకుంటా" అన్నారు.

ఈస్టరు నాడు ఊరు ఊరంతా ఆ రాయి చుట్టూ మూగి నా పనితనాన్ని మెచ్చుకున్నారని చాలాకాలం చెప్పుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. చీకటితో కొవ్వొత్తులు పట్టుకుని వచ్చినవాళ్ళు ఎవరి సమాధుల దగ్గరకు వాళ్ళు వెళ్ళారు. నేనెవరో కూడా అక్కడ ఎవరికీ తెలియదు. ఆ తల్లి ఈడుది, నడుం వంగిన ఒక ముసలమ్మ మాత్రం అటుగా పోతూ ఆగి, కొవ్వొత్తి రాయి దగ్గరగా పెట్టి చూసి, "ఒసే, ఆ నోట్లోది ఊసి మాట్లాడవే" అని కసిరింది. అక్కయ్య ఒక్కసారిగా నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది.

ఇప్పుడు పాత ఫొటోను ఫోనుకు చూపిస్తే చాలు, చిరిగినచోట అతుక్కుంటుంది, బుగ్గలు నున్నబడతాయి, కళ్ళు రెండూ సమానమవుతాయి. పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదు, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. మా పెద్దవాళ్ళ ఫొటోలను కూడా అలాగే చేయించి గోడకు పెట్టాం. అందరూ చాలా బాగున్నారు. వాళ్ళ ముందు నుంచి రోజూ అటూ ఇటూ తిరుగుతుంటాను గాని, ఆ ముసలమ్మలా ఒక్కరిని కూడా కసరబుద్ధి కాదు.