మజీదా ఫోను తాళం

ఎల్లారెడ్డిలో ఆ గల్లీ మొత్తానికి మొదట ఫోను వచ్చింది మజీదా ఇంటికే. తొంభై ఆరులో ఆమె భర్త అజీముద్దీన్ రియాద్ నుంచి సెలవుకు వస్తూ కార్డ్‌లెస్ ఫోను పట్టుకొచ్చాడు. పెట్టె అలమారా మీద ఉంటుంది, సెట్టును చేత పట్టుకుని ఇంట్లో ఎక్కడికైనా పోవచ్చు. దానికి మూడంకెల నంబరొకటి పెట్టుకోవాలట. ఆ నంబరు కలిసిన సెట్టుతోనే పెట్టె మాట్లాడుతుందట. అజీముద్దీన్ బిస్మిల్లా నంబరు 786 పెట్టి, మళ్లీ విమానమెక్కాడు.

మజీదా చదివింది నాలుగో తరగతి. ఫోను మర్యాద మాత్రం ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. గల్ఫులో మగవాళ్లున్న ఇళ్లన్నీ ఆమె నంబరే ఇచ్చుకున్నాయి. ఫోను మోగితే, చేతికంటిన పిండి కడుక్కోకుండానే పరుగెత్తి వాళ్లను పిలుచుకొచ్చేది. సెట్టు చేతికిచ్చి లోపలి గదిలోకి పంపి, తాను వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుకునేది. ఎవరి ముచ్చట వాళ్లది.

అందుకే అదే గల్లీలో ఉండే పోచవ్వ కోడలు గంగామణి అన్న మాట ఆమెకు అంతగా గుచ్చుకుంది.

గంగామణి భర్త గంగారాం దుబాయిలో తాపీ పని చేస్తాడు. సెలవుకొచ్చి వెళ్లి రెండు నెలలైంది. ఒక శుక్రవారం గంగామణి, అత్తకు కూడా ఇంకా చెప్పని సంగతి, తాను నెల తప్పానని అతనికి ఫోనులో చెప్పుకుంది. మర్నాడు గిర్నీలో జొన్నలు పట్టించుకుంటున్న పోచవ్వను నలుగురూ చుట్టుకుని, "మనుమడొస్తున్నడట గదా" అన్నారు.

"నా ఇంటి ముచ్చట నేను గిర్నీల ఇనాల్నా?" అని పోచవ్వ కోడలితో మాట మానేసింది. గంగామణి నేరుగా మజీదా గడపలోకి వచ్చింది.

"నమ్మి మాట్లాడిన అక్కా. గిట్ల చేస్తవనుకోలే." అంతే అని వెళ్లిపోయింది.

పై శుక్రవారం గంగారాం ఫోను వస్తే మజీదా పిలవబోయింది. గంగామణి రాలేదు. "ఇంట్ల లేదు తమ్మీ" అని అబద్ధమాడి ఫోను పెట్టేసింది మజీదా.

మూడు రోజుల తర్వాత ఆమె బాన్సువాడలో ఉన్న అక్కతో మాట్లాడుతూ, "పొయ్యి మీద పప్పుంది, అడుగంటుతున్నట్టుంది" అన్నది.

"అయితే ముందుగాల దించరాదు ఆపా" అని ఫోనులో మూడో గొంతు పలికింది.

అది మజీదాను అక్కా అనడానికి ఆపా అని పిలిచే వెనకింటి బిల్కిస్ గొంతు. మజీదా పప్పు దించి అలాగే వెనకింటికి నడిచింది. బిల్కిస్ చేతిలో అచ్చం అలాంటి సెట్టే ఉంది. ఆమె భర్త అహ్మద్ కూడా రియాద్ నుంచే తెచ్చాడు, లైను వచ్చి నెలన్నా కాలేదు.

"ఎప్పటిసంది ఇంటున్నవ్?"

"నేను ఇంటలేను ఆపా, బటన్ ఒత్తితే అదే ఇనవడుతది, రేడియో లెక్క. గంగామణిది మంచి ముచ్చటే గదా అని గిర్నీల చెప్పిన."

"నీ ఫోనుకు అహ్మద్ ఏం నంబరు పెట్టిండు?"

"ఇంకేం పెడ్తడు, 786," అన్నది బిల్కిస్, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

మర్నాడు పొద్దున్నే మజీదా పెట్టెనూ సెట్టునూ తువ్వాలలో మూటగట్టుకుని కామారెడ్డి బస్సెక్కింది. బస్టాండు వెనక రేడియోలు బాగుచేసే వజీర్ అంతా విని నవ్వాడు.

"అమ్మా, గల్ఫు సెట్లు నా తానికి పది వస్తే ఎనిమిదింటికి గిదే నంబరు."

"తీసేస్తే పాపం తగలదా భాయ్?"

"గడప మీద రాసుకో, చిట్టీ మీద రాసుకో, ఎవరొద్దన్నరు? తాళానికి పెడితే మాత్రం గల్లీ అందరి చేతిల ఒక్కటే తాళంచెవి ఉన్నట్టు."

సెట్టుకూ పెట్టెకూ నడుమ మాట మోసే చానల్‌ను అతనే మార్చాడు. ఏ బటన్ పట్టుకుని ఏది ఒత్తాలో చూపించి, "నంబరు నువ్వే ఒత్తు, నాకు చెప్పకు" అని మొహం అటు తిప్పుకున్నాడు. మజీదా ఆలోచించింది. నిఖా తారీఖు బిల్కిస్‌కు తెలుసు. బిడ్డ పుట్టిన రోజున గల్లీ అంతా మిఠాయి తిన్నది. చివరికి ఏవో మూడంకెలు ఒత్తింది. అవేమిటో అజీముద్దీన్‌కు కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి తాను ఫోనులో మాట్లాడుతూ, వెనకింట్లో బిల్కిస్ చేత బటన్ ఒత్తించింది. ఏమీ వినపడలేదట.

"ఇగ నాకు పొద్దెట్ల పోతది ఆపా?"

"చెప్త పా" అని మజీదా ఆమెను చెయ్యి పట్టుకుని పోచవ్వ ఇంటికి తీసుకుపోయింది.

"నోరు జారింది నేను పోచవ్వా," అన్నది బిల్కిస్ తల వంచుకుని. "ఆపాకు ఏం ఎరుకలే."

ఫోను కథంతా విన్న పోచవ్వ మజీదా వైపు తిరిగింది. "వజీర్ తానికి పోయినదానివి, దీని నోటికి గూడ ఒక నంబరు పెట్టియ్యకపోయినవా?"

గంగామణికి నవ్వు ఆగలేదు. "మాట తూలిన అక్కా, మనసుల పెట్టుకోకు."

"ఫోనొస్తే రా. గంతే చాలు" అన్నది మజీదా.

శుక్రవారం ఫోను రాగానే గంగామణి వచ్చింది, వెంట పోచవ్వా వచ్చింది. కోడలు లోపలి గదిలో చాలాసేపు గుసగుసగా మాట్లాడి, సెట్టు అత్తకిచ్చింది.

పోచవ్వ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇగ ఎవ్వరికీ ఇనవడదు గదా మజీదా?" అని రెండుసార్లు అడిగింది. ఇనవడదని చెప్పాక చెవికి ఆనించుకుని, దుబాయి దాకా గొంతు వినిపించాలి గనక, బలమంతా పెట్టి అరిచింది.

"కొడుకా, రంది పడకు! నీ పెండ్లానికి చింతకాయలు తెచ్చిన! రేపు దవాఖానకు తోల్కపోత!"

గోడవతల నుంచి బిల్కిస్ అన్నది, "ఆపా, ఈసారి నేను బటన్ ముట్టలే."