నెత్తిమీద చెయ్యి

నెత్తిమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే ఇంటికి అరిష్టమని మా అత్త నమ్మకం. ఆమె ఒక్కతే కాదు, చొప్పదండిలో మా వాడ ఆడవాళ్లందరిదీ అదే మాట. ఎవరైనా పోయినప్పుడే ఆడది అట్లా కూర్చుంటుందట. నేను మాత్రం మొగుడు, పిల్లలు కళ్లెదుట తిరుగుతుండగానే రోజూ అట్లా కూర్చునేదాన్ని. అట్లా పెడితేనే నా నొప్పి కాస్త ఆగేది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు. బీడీలు చుట్టే పని మాది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. పొద్దున తల వంచితే దీపాలు పెట్టే వేళకే ఎత్తడం. రెండో కాన్పు తర్వాత కుడి భుజం నుంచి వేళ్ల దాకా మంట మొదలైంది. బీడీకి దారం చుడుతుంటే బొటనవేలు మొద్దుబారేది. నొప్పి చేతిలో అన్నాను కాబట్టి అందరూ చేతికే వైద్యం చేశారు. నూనె రాశారు, తాయెత్తు కట్టారు. వాతలు పెట్టే ముసలాయన ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి మోచేతి పైన పెట్టాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కరీంనగర్‌లో ఒక డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి, ఏమీ లేదు, నీరసమని సూది వేసి పంపాడు.

ఆ మాట అత్తకు దొరికింది. "డాక్టరే ఏం లేదన్నడు. పని తప్పించుకునే యేషాలు గివి," అంది. మళ్లీ వాత పెట్టిస్తే దారికొస్తానని, ఆదివారం రమ్మని ముసలాయనకు కబురంపింది. వాత కన్నా ఆ వేషాలన్న మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

"ఇంకో డాక్టరుకు చూపియ్యి. లేకుంటే మా బాపు ఇంటికి పోత," అన్నాను మా ఆయనతో. ఆయన మర్నాడే కరీంనగర్ బస్సెక్కించాడు. నా వేషం బయటపడితే కళ్లారా చూడాలని అత్త కూడా వచ్చింది.

ఈ డాక్టరు పెద్ద వయసాయన. మా ముందున్న రోగిని చూస్తున్నాడు. బస్సు కుదుపులకు నొప్పి ఎక్కువై, నాకు తెలియకుండానే చెయ్యి నెత్తిమీదికి పోయింది. "దవాఖానల గూడ గిదేనా? తియ్యి," అని అత్త గుంజింది.

"ఉండనియ్యి. అట్ల పెడితే నొప్పి తగ్గుతదా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"తగ్గుతది."

ఆయన లేచి వచ్చి నా తలను కుడి పక్కకు వంచి మెల్లగా నొక్కాడు. మంట బొటనవేలి దాకా పాకింది. ఎక్స్‌రే కూడా తీయించాడు. "రోగం చేతిల లేదు, మెడల ఉన్నది. ఎముకల నడుమ నరం నలుగుతున్నది. చెయ్యి నెత్తిన పెడితే ఆ నరం సడలుతది, గందుకే నొప్పి ఆగుతది," అన్నాడు. పూర్తిగా పోదనీ, తల వంచి పని చేయొద్దనీ చెప్పాడు. పోదన్నందుకు దిగులు పడాల్సింది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. నేను అబద్ధమాడలేదని నాకు తెలుసు, ఇప్పుడు అత్తకూ తెలిసింది.

ఇంటికొచ్చి చాటను ఎత్తుపీట మీద పెట్టుకున్నాను. ఆదివారం అరుగు మీద నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుంటే ముసలాయన చువ్వ పట్టుకుని రానే వచ్చాడు.

"ఎవరు పోయిన్రు బిడ్డా?"

"ఎవరు పోలే తాతా. నొప్పి మెడలనట. నువ్వు ఉత్తగ నా చెయ్యి కాల్చినవు. ఇంకోపారి చువ్వ తెస్తే గుంజుకుంట."

ఆయన అత్త వైపు చూశాడు. అత్త నా చేతి వైపు చూసింది. తియ్యమని అనలేదు. అన్నా తీసేదాన్ని కాదు.